తమ్ముడికి, ఏ షరతూ లేకుండా

ఏలూరు జిల్లా కైకలూరు మెయిన్ రోడ్డులో వలలు, తాళ్లు, టార్పాలిన్లు అమ్మే కొట్టు నడుపుకుంటూ, ఆ కొట్టు వెనకున్న ఇంట్లోనే ఉంటున్న తటవర్తి శకుంతల అనే నేను, కీర్తిశేషులు పాండురంగయ్య గారి కుమార్తెను, అవివాహితను, అరవై నాలుగేళ్ల దానిని, నా సొంత తెలివితో, నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. మతి స్థిమితంగానే ఉంది. బీపీకి ఒక మాత్ర వేసుకుంటాను, మోకాళ్లకు నూనె రాసుకుంటాను. బుర్రకు ఏ మందూ వాడటం లేదు. నన్నెవరూ బలవంతపెట్టలేదు. ప్లీడరు గారు తాను రాసిస్తానన్నారు. పోయినసారి ఆయన రాసిచ్చినదాని మీద చదవకుండా సంతకం చేసి చాలా బాధపడ్డాను. అందుకని ఈసారి నేనే రాశాను. చట్టం మాటలు తప్పిన చోట ఆయన దిద్దారు. మిగతా మాటల జోలికి రావద్దన్నాను.

1. 2019 సెప్టెంబరు 6న ఏలూరులో ఆసుపత్రి మంచం మీద నేను రాయించిన వీలునామాను ఇందుమూలంగా పూర్తిగా రద్దు చేస్తున్నాను. అది ఎవరి చేతికి వచ్చినా చెల్లదు. ఎందుకు రద్దు చేస్తున్నానో చట్టానికి అక్కర్లేదట. నాకు కావాలి, కాబట్టి రాస్తున్నాను.

నా తమ్ముడు శ్రీరంగనాయకులు నాకంటే తొమ్మిదేళ్లు చిన్న. ఇంట్లో రంగ అంటాం. పుట్టేటప్పుడు ఊపిరి అందక వాడికి సెరిబ్రల్ పాల్సీ వచ్చింది. రెండు కాళ్లూ, ఎడమ చెయ్యీ బిగుసుకుపోయి ఉంటాయి. మాట ఆలస్యంగా, ముద్దగా వస్తుంది. తెలివి మాత్రం నాకంటే చురుకు. బడిలో చేర్చుకోకపోతే వార్తాపత్రిక ముందు పెట్టి నేనే అక్షరాలు దిద్దించాను. అమ్మ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, "వాణ్ణి వదిలెయ్యకే" అంది. వదల్లేదు. వాడి స్నానం, భోజనం, బట్టలు అన్నీ నేనే చూశాను. ఏ చిన్న జ్వరం వచ్చినా నాకు ఒకటే గుబులు: నేను పోతే వీణ్ణెవరు చూస్తారు? చావంటే భయం లేదని అందరూ అంటుంటే విని ఊరుకునేదాన్ని. నాకు భయమే. పోవడానికి నాకు తీరిక లేదు.

2019 ఆగస్టులో ఒక ఉదయం వాణ్ణి మంచం మీంచి కుర్చీలోకి ఎత్తబోయి పడ్డాను. తుంటి ఎముక విరిగింది. వాడూ నాతోపాటే పడ్డాడు. ఫోను కొట్లో బల్ల మీద ఉంది. వాడు పొట్ట మీద పాకుతూ వీధి గుమ్మం దాకా వెళ్లాడు. మా నాన్న పెట్టించిన గడప జానెడు ఎత్తు. అది దాటలేక అక్కడే పడుకుని, స్టీలు గ్లాసుతో తలుపు మీద కొడుతూనే ఉన్నాడు. ఎదురుగా ఐసు అమ్మేవాళ్లకు వినబడేసరికి గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా నేను నొప్పికి ఏడవలేదు. ఆ చప్పుడు ఆగిపోతుందేమోనని ఏడ్చాను.

అందుకే ఆసుపత్రిలో ఆదరాబాదరాగా ఆ మొదటి వీలునామా రాయించాను. మా పెదనాన్న గారి మనవడు రవితేజకు ఇల్లూ కొట్టూ చెందేటట్టు, అందుకు బదులుగా "నా తమ్ముణ్ణి అతని జీవితాంతము పోషించవలెను" అని. రవితేజ మంచివాడే. "అత్తయ్యా, బాబాయి సంగతి మీరు మర్చిపోండి, నేను చూసుకుంటానండి" అన్నాడు. నేను మంచం మీద ఉన్న మూడు నెలలూ రంగను వాళ్లింట్లోనే పెట్టుకున్నాడు. వేళకు భోజనం పెట్టారు, గదిలో టీవీ పెట్టారు. తిరిగొచ్చేసరికి వాడు సగమయ్యాడు. ఏమిట్రా అంటే, నీళ్లు తాగడం మానేశానన్నాడు. బాత్రూముకు తీసుకెళ్లమని మాటిమాటికీ ఎవర్నీ పిలవక్కర్లేకుండా.

2. నాకు చెందిన ఇంటిని, ఖాళీ స్థలంతో సహా, నా అనంతరం నా తమ్ముడు తటవర్తి శ్రీరంగనాయకులు సర్వహక్కులతో అనుభవించును. అమ్ముకోవచ్చు, అద్దెకిచ్చుకోవచ్చు, తాళం వేసుకుని ఎటైనా పోవచ్చు. సంరక్షకుడుగా ఎవరి పేరైనా రాస్తే మంచిదేమోనని ప్లీడరు గారు అన్నారు. "వాడికి యాభై అయిదేళ్లండీ, ఇంకెప్పుడు పెద్దవాడవుతాడు?" అన్నాను. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

ఈ మాట అనడానికి నాకు ఆరేళ్లు పట్టింది. అనిపించినవాళ్లు ఏలూరులోని "గడప" అనే సంస్థ వాళ్లు. వికలాంగులు తమ పనులు తాము చేసుకుంటూ, తమ ఇష్టప్రకారం బతకడానికి కావలసిన సాయం చేస్తారు. దాన్ని పెట్టిన చంద్రకళ గారు నల్లజర్ల వైపు రైతుల అమ్మాయి. చిన్నప్పుడు పోలియో వచ్చి, చక్రాల కుర్చీలో తిరుగుతారు. ఆసుపత్రి వార్డులోకి వచ్చి నా పక్కన కుర్చీ ఆపుకుని నా కథంతా విన్నారు. విని, "మీ తమ్ముడు గారికి ఏం కావాలో ఆయన్ని అడిగారాండీ?" అన్నారు.

"వాడికేం కావాలో నాకు తెలుసు" అన్నాను.

"తెలుసో లేదో కాదండీ. అడిగారా అని."

నాకు ఒళ్లు మండింది. అటు తిరిగి పడుకున్నాను. ఆ మాట మాత్రం పోలేదు.

నేను ఇంటికొచ్చాక వాళ్లే వచ్చారు. ముందు రంగను అడిగారు. వాడు ఒక్కొక్క మాటా కూడదీసుకుని చెబుతుంటే, చంద్రకళ గారు ఒక్కసారి కూడా మధ్యలో అందుకోలేదు. నేనైతే సగంలోనే పూర్తిచేసేసేదాన్ని. వాడు మొదట అడిగింది వీధి గుమ్మం దాటడం. వడ్రంగిని పిలిచి గడప కోయించి, అక్కడ వాలుగా సిమెంటు పోయించారు. బాత్రూములో గోడకు కడ్డీలు బిగించారు. మంచం మీంచి కుర్చీలోకి జరగడానికి నున్నటి చెక్క ఒకటి ఇచ్చి, ఎలా జరగాలో నెలరోజులు నేర్పారు. వాడు సొంతంగా చొక్కా తొడుక్కున్న మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది. నా చేతులు ఆగలేదు. "చేతులు వెనక్కి కట్టుకోండి శకుంతల గారూ" అన్నారు ఆవిడ. కట్టుకోలేక వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను. బయటికొచ్చేసరికి చొక్కా తొడుక్కుని ఉన్నాడు, గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని. సరిచేయబోతే నా చెయ్యి తోసేశాడు. ఆ రోజు అలాగే వీధిలోకి వెళ్లి, ఐసు కొట్టు దగ్గర టీ తాగి వచ్చాడు.

మూడేళ్ల కిందట, బ్యాంకులో ఖాతా తెరవాలని ఆధార్ కార్డు కోసం వాడే బీరువా తీశాడు. అందులో ఆ మొదటి వీలునామా నకలు కనబడింది. చదివాడు. సాయంత్రం నేను కొట్టు కట్టేసి లోపలికి వచ్చేసరికి ఆ కాగితం ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఈ మాటలు పూర్తిచెయ్యడానికి వాడికి చాలాసేపు పట్టింది, నేను అడ్డం రాలేదు.

"అక్కా, ఇల్లు రాశావు. కొట్టు రాశావు. వాటితోపాటు నన్ను కూడా రాసిచ్చేశావా?"

వాడికి కోపం రాలేదు, అదే నాకు కష్టంగా ఉంది. "నన్నెవరూ పోషించక్కర్లేదు. ఉండటానికి చోటుంటే చాలు, నేను బతుకుతా" అన్నాడు.

ఆ చోటే ఇప్పుడు రాసి ఇస్తున్నాను. ఏ షరతూ లేదు.

3. నా తమ్ముడు నాకంటే ముందు పోయినట్లయితే ఇల్లు ఎవరికి చెందాలో రాయాలన్నారు. గడప సంస్థకు. ఈ విషయం ఇంతకంటే రాయను.

4. కొట్టు గదిని, ఆ గది కింద స్థలాన్ని, గడప సంస్థ కైకలూరులో ఒక శాఖ తెరవడానికి ఇస్తున్నాను. రంగ ఒప్పుకున్న మీదటే రాశాను. చేపల చెరువుల దగ్గర, ఐసు ఆడించే మరల దగ్గర ప్రమాదాల్లో కాళ్లూ చేతులూ పోగొట్టుకున్నవాళ్లు ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. వాళ్లు ఏలూరు దాకా పోకుండా ఇక్కడే నేర్చుకోవచ్చు. గోడ మీద నా పేరు రాయించవద్దు.

5. గుండుగొలనుకు చెందిన ఏసుకుమార్‌కు నా పెద్ద ప్రెషర్ కుక్కరు, గ్రైండరు. అతను చక్రాల కుర్చీలు బాగుచేస్తాడు. మర ప్రమాదంలో ఒక కాలు పోయింది. రంగ ఏలూరులో గడప వాళ్ల ఇంట్లో ఏడాదిపాటు ఉండి వంట, బజారు, బ్యాంకు పనులు నేర్చుకున్నాక, వీళ్లిద్దరూ కలిసి ఆ ఊళ్లోనే ఒక ఇంటి కింది వాటా అద్దెకు తీసుకున్నారు. పొద్దున్న రెండు గంటలు సాయానికి మనిషి వస్తాడు. ఆ మనిషిని రంగే ఎంచుకున్నాడు. ముందు వచ్చినతను, రంగ ఎదురుగా ఉండగానే రంగకు ఏమేం కావాలో చంద్రకళ గారిని అడిగాడట. రంగ అతన్ని వద్దన్నాడు.

వాడు ఆ వాటాలోకి వెళ్లిన కొత్తలో నేను రోజూ క్యారేజీ కట్టుకుని బస్సులో కొల్లేరు దాటి ఏలూరు పోయేదాన్ని. పదిహేను రోజులు ఓపికపట్టి, "ఆదివారం రా అక్కా. ఫోన్ చేసి రా" అన్నాడు. నా తమ్ముడింటికి నేను ఫోన్ చేసి పోవాలా అని పది రోజులు మాట్లాడలేదు. పదకొండో రోజు ఫోన్ చేశాను. వెళ్లేసరికి పప్పుచారు, బెండకాయ వేపుడు చేసి పెట్టారు. వేపుడు కాస్త మాడింది. రెండుసార్లు వడ్డించుకున్నాను. ఏభై ఏళ్లలో నాకు వాడు అన్నం పెట్టడం అదే మొదలు. ఆ మధ్యాహ్నం వాళ్ల చాప మీదే నిద్రపోయాను, చీకటిపడే వేళకు వాళ్లే లేపారు. అంత ఆదమరిచి నిద్రపోయి ఎన్నేళ్లయిందో.

6. చంద్రకళ గారికి నా ఎర్ర కంచిపట్టు చీర. నా పెళ్లికని కొన్నది, మడత విప్పలేదు. తాడేపల్లిగూడెంలో ఒక ఉల్లిపాయల వ్యాపారి ఇంటివాళ్లు నన్ను చేసుకుంటామని తాంబూలాల దాకా వచ్చి, "ఆ అబ్బాయిని ఎక్కడన్నా చేర్పించండి, అమ్మాయితో పంపొద్దు" అన్నారు. తాంబూలాలు తీసుకోలేదు. ఆ పెళ్లికొడుకు మీద నాకిప్పుడేమీ లేదు. వాళ్ల అమ్మ మీద ఇంకా కొంచెం ఉంది. ఇందులో చీర తప్పేమీ లేదు కాబట్టి చంద్రకళ గారు కట్టుకోవాలి, బీరువాలో దాచకూడదు.

7. రవితేజకు మా నాన్న కూర్చున్న టేకు బల్ల. నీ మీద కోపం లేదని రాయమన్నాడు రంగ. నాకూ లేదు నాయనా. నువ్వు మాట ఇచ్చావు, నీకు చేతనైనట్టు నిలబెట్టుకున్నావు. తప్పు నేను అడిగినదానిలోనే ఉంది. ఈ కాగితంతో నువ్వూ ఆ మాటలోంచి బయటపడ్డావు. అప్పుడప్పుడు బాబాయిని చూసిరా. ఫోన్ చేసి వెళ్లు.

8. నా నగలు, బ్యాంకులో ఉన్నది, ఇంట్లో సామాను, పైన ఎవరికీ చెప్పనిదంతా రంగకు. ఈ వీలునామాను అమలుపరచే బాధ్యత ప్లీడరు గారి జూనియర్ అఖిలకు అప్పగిస్తున్నాను. మనిషి ముఖం చూసి మాట్లాడే పిల్ల.

9. నా అంత్యక్రియలు నా తమ్ముడు శ్రీరంగనాయకులే జరిపించవలెను.

దీని మీద ముందే ఒక మాట నడిచింది. నిరుడు ఒక పెళ్లిలో రవితేజ వాళ్ల అమ్మ, "కుర్చీలో కూర్చుని చితి చుట్టూ ఎలా తిరుగుతాడమ్మా, ఆ వేళకు మావాడు చేస్తాడులే" అంది. రంగ పక్కనే ఉండి విన్నాడు. వాడిప్పుడు గడపలో ఉద్యోగి. ఆఫీసులకూ బడులకూ వెళ్లి, ర్యాంపులు ఎంత వాలులో ఉన్నాయో కొలిచి, సరిగా కట్టనివాళ్లకు ఒంటివేలితో టైపు చేసి ఉత్తరాలు రాస్తాడు. తరువాతి వారం టేపు పట్టుకుని మా పేట శ్మశానవాటికకు వెళ్లాడు. మూడు మెట్లు, లోపలంతా మట్టి. కమిటీకి ఉత్తరం రాశాడు. జవాబు లేదు. మళ్లీ రాశాడు. ఏడో ఉత్తరం తరువాత కమిటీ పెద్దాయనే వాడింటికి వెళ్లి, "బాబూ, మీరింక రాయకండి, కట్టించేస్తామండి" అన్నారు.

పోయిన నెల పూర్తయింది. ఆదివారం నన్ను తీసుకెళ్లి చూపించాడు. ర్యాంపు ఎక్కి, చితి వేసే అరుగు చుట్టూ సిమెంటు బాట మీద మూడు చుట్లు తిరిగి, మలుపుల దగ్గర ఆగి చక్రాలు చూసుకుని దిగివచ్చాడు.

"బాగుందా అక్కా?" అన్నాడు.

"బాగుంది. వానకు జారుతుందేమో చూడు" అన్నాను.

సెల్లులో రాసుకున్నాడు. కాపలాదారు మా ఇద్దరి వంకా వింతగా చూశాడు. నాకు నవ్వాగలేదు, రంగ కూడా నవ్వాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో వాడు ముందు, నేను వెనక. వాడిది ఇప్పుడు బ్యాటరీ కుర్చీ, నేను తొయ్యక్కర్లేదు, చేతులు ఊపుకుంటూ నడిచాను.

10. పై నెల పదో తేదీన పది రోజుల ప్రయాణం మీద కన్యాకుమారి వైపు వెళుతున్నాను. టిక్కెట్టు ఒకటే తీసుకున్నాను. ఆసుపత్రిలో తప్ప నేను ఇల్లు విడిచి ఎక్కడా పడుకోలేదు. అందుకే ఈ కాగితం పని ముందుగా ముగించుకుంటున్నాను, అంతేగానీ వేరే కారణం లేదు. దీన్ని అమలుపరచవలసినవారు ఎవరూ తొందరపడవద్దు. నాకూ ఏమీ తొందర లేదు.

పైన రాసినదంతా నేను చదువుకుని, సరిగా ఉందని ఒప్పుకుని, కింది సాక్షుల ఎదుట సంతకం చేశాను.

కైకలూరు,
2025 నవంబరు 19.

(సంతకం)
తటవర్తి శకుంతల

శకుంతల గారు మా ఎదుట సంతకం చేశారు, ఆమె ఎదుట మేము చేశాము. మాకు ఈ వీలునామా వల్ల వచ్చేది ఏమీ లేదు.

సాక్షులు:
1. వీరాస్వామి, రిటైర్డ్ పోస్టుమాస్టరు, కైకలూరు
2. వెంకటనరసమ్మ, రైతు, గుండుగొలను