మెట్ల దీపానికి రెండు స్విచ్చులు

చిరంజీవి తమ్ముడికీ, సౌభాగ్యవతి మరదలికీ ఆయురారోగ్యాలు కోరి అన్నయ్య వ్రాస్తున్న ఉత్తరం.

మన ఇంటి గోడలలోని ముసలి తీగలు సెలవు తీసుకొని, కొత్త తీగలు ప్రవేశించిన శుభదినమిది. ఇంటికి పునాది ఒక్కసారే పడుతుంది. వెలుగు మాత్రం తరానికొకసారి కొత్తగా పుట్టవలసి ఉంటుంది. అందుకే దీనిని మరమ్మతు అనడానికి నాకు మనసొప్పడం లేదు.

ఇక్కడ నేనూ మీ వదినా కులాసా. పదవీ విరమణ తరువాత పై అంతస్తుకే వచ్చేస్తామన్న నీ మాట చదివినప్పటి నుంచి ఆమె కాలు నేల మీద నిలవడం లేదు.

స్విచ్చులు ఎక్కడిదాకా వచ్చాయని అడిగావు. సోమవారం ఇద్దరమూ దుకాణానికి వెళ్లాము. ఒక గోడ నిండా నమూనా స్విచ్చులే. వాటికి తీగ లేదు, దీపం లేదు. అయినా ఒకదాని వెంట ఒకటి నొక్కుతూ పోయాను. నొక్కిన ప్రతిసారీ ఎక్కడో, నేనెరుగని ఏ ఇంట్లోనో, ఒక గది మేలుకొని ఎవరి ముఖమో వెలుగుతున్నట్లు తోచింది. ఎంతసేపు అలా ఉన్నానో తెలియదు.

"అయ్యగారూ, అరగంట నుంచీ వాయిస్తున్నారు. రాగం కుదిరిందా?" అన్నది దుకాణం యజమానురాలు.

"ఆయనంతే తల్లీ. ఉప్పు కొనడానికెళ్లినా ముందు సముద్రాన్ని వర్ణించాలి," అన్నది మీ వదిన.

పలకలు దంతపు రంగువి తీసుకున్నాము. తెలుపైతే వేలిముద్రలు పడతాయట. గోడలో దిగే పెట్టెలు లోతైనవి ఎంచుకున్నాము. స్నానాలగదికి తుప్పు పట్టని ఇత్తడి స్క్రూలు. నీ పడకగది ఫ్యానుకు గుండ్రని మీట. ఆరిపోయి ఉన్నప్పుడు మిణుగురులా వెలిగే చిన్న ఎర్రదీపం గల స్విచ్చు మంచం పక్కకు. మెట్ల పైకొసన పాత స్విచ్చు తీస్తే మిగిలే ఖాళీని మూయడానికి మాత్రం వట్టి పలక అడిగాను.

"మూయడమెందుకండీ? పైనుంచి దిగేవాళ్లు లేరా?" అన్నది యజమానురాలు.

మెట్ల దగ్గర స్విచ్చు సరిగ్గా పనిచేస్తుందా, బావగారినే అడగండని మరదలు అన్నట్లు వ్రాశావు కదా. ఇంతసేపూ పలకల రంగుల చుట్టూ తిరిగింది ఆ ప్రశ్నకు జడిసే.

నిన్న ఎలక్ట్రీషియన్ పైకొసన పాత పెట్టె విప్పి నన్ను పిలిచాడు. "అయ్యగారూ, ఇది పాడైంది కాదు. ఎవరో కావాలనే విప్పించారు. టేపు ఎంత శ్రద్ధగా చుట్టారో చూడండి!"

మీ వదిన టేపు వంక చూడలేదు. నా వంక చూసింది.

తమ్ముడూ, విప్పించినవాణ్ణి నేనే.

సాయంకాలాలు కింది మెట్టు మీద కూర్చొని పద్యాలు చదువుకునేవాణ్ణి, గుర్తుందా? ఎవరో దీపం ఆర్పడం మరచిపోయారనుకొని నీవు పైనుంచి ఆర్పేవాడివి. పద్యం మూడో పాదంలో ఉండగా చీకటి కమ్మేది. "నేనున్నానురా" అని ఒక్క కేక వేస్తే పోయేది. తమ్ముణ్ణి కేకేయడం చిన్నతనమనుకున్నాను. ఒక మధ్యాహ్నం కరెంటు మేస్త్రీని పిలిపించి పై స్విచ్చు తీగలు విప్పించి, కిందిది ఒక్కటే పనిచేసేలా చేయించాను. రాత్రి భోజనాల దగ్గర చెబుదామనుకున్నాను.

అంతలోనే సంజె చీకటి పడింది. మరదలు డాబా మీద ఆరిన బట్టలు చేతులనిండా పట్టుకొని వచ్చి, మోచేత్తో స్విచ్చు నొక్కింది. వెలగలేదు. కరెంటు పోయిందనుకొని అడుగు వేసింది. ఆమె మెట్ల మీద పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

"పాత తీగ అన్నయ్యా, పాడై ఉంటుంది," అన్నావు నీవు. నేను తలాడించాను. చీలమండ అతికింది కానీ నడకలో కుంటు మిగిలింది. మెట్లంటే భయపడి రెండు నెలలకే మీరు వేరే ఊళ్లో కింది అంతస్తు ఇంటికి మారిపోయారు. ఇరవై రెండేళ్లు ఆ తలాడింపును మోశాను. అహంకారం గురించి పదిమందికి బోధించిన నోరు ఇది.

మీ వదినకు నిన్ననే అంతా చెప్పాను. ఈ ఉదయం ఆమె కాగితమూ కలమూ నా ముందు పెట్టి, "రాయండి," అన్నది. అంతే.

వట్టి పలక తిరిగి ఇచ్చేశాను. వెనుక మూడేసి స్క్రూలుండే స్విచ్చులు రెండు తెచ్చి, పైన ఒకటి, కింద ఒకటి బిగింపించాను. వీటికి యజమాని లేడు. కింద ఒక చెయ్యి వెలిగిస్తే పైన మరో చెయ్యి ఆర్పవచ్చు. రెండు చేతులు ఒకదానినొకటి చూడకుండానే పలకరించుకున్నట్లుంటుంది.

ఇది చదివాక రావాలో వద్దో మీ ఇష్టం. ముందుగా ఈ ఉత్తరం మరదలికి చదివి వినిపించు, నేనే చదవమన్నానని చెప్పు. ఆమె రానంటే ఆ మాట న్యాయమైనదే. ఒక్క ముక్క కూడా బతిమాలను. క్షమించమని అడిగే అర్హత వయసుతో రాదని ఇప్పుడు తెలిసింది.

మీరు వచ్చినా రాకపోయినా పై స్విచ్చు పనిచేస్తూనే ఉంటుంది. మన తరువాత ఆ మెట్లు ఎక్కేవారెవరైనా, దిగేవారెవరైనా, వారి పాదం కదలక మునుపే వారి ముందు వెలుగు పరుచుకొనుగాక! ఒకరి దీపం మరొకరు ఆర్పినా, నోరారా కేకవేసి చెప్పుకొనే చనువు వారికి కలుగుగాక!

ఇట్లు,
మీ ఇద్దరికీ తప్పు చేసిన
అన్నయ్య