నీ పెరటి వెనక హద్దు రాయి

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ అందరం కులాసా. నువ్వూ ఆ వంతెన పనిలో వేళకి తిని, వేళకి పడుకుంటున్నావని నమ్ముతున్నాను. ముందు అసలు మాట చెప్పేస్తాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరి నుంచి చదువుతావు. గెలిచాం రా! క్వారీని మన వీధి వైపు పెంచుకోవడానికి వాళ్లడిగిన అనుమతి రాలేదు. నీ పెరటి గోడ దాకా తవ్వుతామన్నవాళ్లు ఇప్పుడున్న గొయ్యి దాటి ఒక్క అడుగు ముందుకు రాకూడదని గనుల శాఖ రాసిన కాగితం నిన్న నోటీసు బోర్డు మీద పెట్టారు. రెండుసార్లు వెళ్లి చదివి వచ్చాను.

నువ్వడిగినవాటికి జవాబులు. మరదలు బాగానే తింటోంది. పాప బోర్లా పడుతోంది. పడ్డాక తిరగడం రాక, తప్పంతా మనదైనట్టు కేకలేస్తోంది, అచ్చం నువ్వే. నీ వెనక గది గోడ పగులు మాత్రం జానెడు ఉండేది మూరెడైంది. మేస్త్రీని పిలిస్తే, "పేలుళ్లు ఆగాక చూద్దాం అక్కా, ఇప్పుడు పూడిస్తే గోడకి పౌడరు రాసినట్టే" అన్నాడు. నీ మూడో ప్రశ్నకి జవాబు కింద రాస్తాను. దాటేయను.

పోయిన నెల బడి హాల్లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. వచ్చిన అధికారిణికి ముప్పై దాటి ఉండవు. క్వారీ మేనేజరు ఇస్త్రీ చొక్కాతో, చంకలో రిజిస్టరుతో వచ్చాడు. రాయి పేల్చడానికి వాళ్లకున్న వేళ మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకే. అతని రిజిస్టరులో ప్రతి పేలుడూ పన్నెండున్నరకే జరిగింది, పెళ్లి ముహూర్తం పెట్టినట్టు! పొద్దున్నే పేలుస్తున్నారని మనవాళ్లంతా ఒక్కసారే అరిచారు. ఆ అమ్మాయి ఓపిగ్గా, "నేను నమ్ముతాను, కానీ కాగితం కావాలి. ఎవరైనా రాసి పెట్టారా?" అని అడిగింది.

అప్పుడు మన టైలరు పిన్ని నా డొక్కలో పొడిచింది. "నీ ప్రార్థన పుస్తకం తియ్యవే!"

ఆ సంగతి నీకు తెలియదు కదూ. పొద్దున ప్రార్థనలో ఉండగా పేలుడు వినిపిస్తే నేను ఎక్కడున్నానో మరిచిపోతాను. సగంలో వదిలేస్తే మనసొప్పదు. అందుకని పుస్తకం చివరి ఖాళీ కాగితాల మీద తేదీ, టైము, ఏ వాక్యం దగ్గర ఆగానో రాసుకుని, సాయంత్రం అక్కడి నుంచి పూర్తి చేస్తాను. ఏడు నెలల్లో అలా నలభై ఒక్కసార్లు రాశాను. అది సాక్ష్యమని నాకు తోచనే లేదు. సంచిలో పెట్టుకుని వెళ్లింది కూడా ధైర్యం కోసమే.

మేనేజరు నవ్వాడు. "మేడమ్, ఈవిడ కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంటారు. మరి గడియారం ఎలా చూశారట?"

హాలంతా నవ్వింది. నా గొంతు సంగతి నీకు తెలుసు, పక్క గదికి కూడా వినిపించదు. పిన్ని మైకు లాక్కుని నా మూతి దగ్గర పెట్టింది. "పేలినప్పుడు కళ్లు తెరుచుకుంటాయి బాబూ" అన్నాను.

ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ తర్వాత అధికారిణి మందుగుండు గది రిజిస్టరు అడిగింది. పేలుడు సామాను బయటికి ఇచ్చినప్పుడల్లా స్టోరుకీపరు టైము రాసి సంతకం పెట్టాలట. "అది ఆఫీసులో ఉంది మేడమ్" అన్నాడు మేనేజరు. "జీపు పంపుతాను, వచ్చేదాకా కూర్చుందాం" అని ఆమె నీళ్ల సీసా మూత తీసింది.

రిజిస్టరు వచ్చింది. మేనేజరు తన లెక్క దిద్దుకున్నాడు గానీ, స్టోరుకీపరు లెక్క సంగతి మరిచిపోయాడు. ఆ ముసలాయన ఉన్నదున్నట్టు రాసుకుంటూ పోయాడు. ఆమె తేదీ చదివేది. అక్కడ ఐదూ పది, నా పుస్తకంలో ఐదూ నలభై. సామాను గొయ్యిలోకి చేరి పేలడానికి అరగంట పడుతుందట. ఇంకో తేదీ. అక్కడ ఐదుంపావు, నా దగ్గర ఐదూ నలభై ఐదు. పిన్ని వేళ్లు మడుస్తూ పైకే లెక్కపెట్టింది. ఒక్క తేదీ మాత్రం కలవలేదు. ఆ రోజు సామాను బయటికే రాలేదు. మేనేజరు, "చూశారా మేడమ్!" అని లేచాడు. ఆమె నా రాత మీదికి వంగి చూసి, "ఇక్కడ పక్కన 'ఉరుము' అని రాశారండీ" అంది. మేనేజరు కూర్చున్నాడు. మిగతా నలభై కలిశాయి.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న. సంతకాల కోసం ఎవరైనా వచ్చారా అని రెండు ఉత్తరాల్లో అడిగావు. రెండుసార్లూ వాతావరణం గురించి రాశాను. నవ్వు ఆగాక రిజిస్టరు అడిగిందని పైన రాశాను కదా, ఆ రెంటికీ నడుమ ఒకటి జరిగింది.

మేనేజరు జేబులోంచి ఒక కాగితం తీశాడు. క్వారీ పెంచడానికి అభ్యంతరం లేదని మన వీధిలో పద్నాలుగు ఇళ్లవాళ్లు చేసిన సంతకాలు. మొదటిది నాది. రెండోది నీ ఇంటి తరఫున, అదీ నా చేతిరాతే. నిరుడు క్వారీవాళ్లు వచ్చి, మన ప్రార్థన మందిరం గచ్చుకి నున్నటి పలకరాళ్లు ఉచితంగా ఇస్తామన్నారు. దేవుడి పని కదా అని, కింద ఏం రాసుందో చదవకుండా పెట్టాను. నేను పెట్టానని మిగతావాళ్లు పెట్టారు. నిన్ను అడగాలని కూడా తోచలేదు రా. ఎర వేసింది వాళ్లే, ఎగిరి మింగింది నేనే. ఆ పలకరాళ్ల మీద మోకరిల్లి, చల్లగా ఉన్నాయని దేవుడికి చెప్పాను కూడా.

హాలంతా నావైపే చూసింది. నీ ఇల్లాలు పాపని ఎత్తుకుని మూడో వరసలో ఉంది. ఆమెకీ అప్పుడే తెలిసింది. మైకు ఇంకా పిన్ని చేతిలోనే ఉంది. నేనే తీసుకున్నాను.

"పెట్టాను. చదవకుండా పెట్టాను. నన్ను నమ్మి వీళ్లు పెట్టారు, తప్పు వీళ్లది కాదు. రెండో ఇల్లు నాది కాదు, మా తమ్ముడిది. వాడిని అడగలేదు. దానికి సంతకం పెట్టే హక్కు నాకు లేదు."

నా గొంతు స్పీకర్లలో అంత పెద్దగా వినడం అదే మొదలు. అధికారిణి ఆ కాగితం తిప్పి చూసి, "అంటే ఇంటి యజమాని ఒప్పుకోలేదు. మిగతావాళ్లు చదివే పెట్టారా?" అంది. వెనక నుంచి ఒకాయన "మాదీ కొట్టేయండి" అని లేచాడు. తర్వాత ఇంకొకరు. పద్నాలుగు ఇళ్లూ లేచాయి. నీ ఇల్లాలు వచ్చి పాపని నా చేతిలో పెట్టి, "మీరు కూర్చోండి వదినా" అంది. ఒక్క మాట అనలేదు. నువ్వు అను. ఎంతైనా అను, పడతాను. కానీ ఆ గోడ నిలిచిందని చదివాక అను.

ఈ పొద్దున నీ పెరటి వెనక కొత్త హద్దు రాయి పాతారు. సాక్షి సంతకానికి వీధి నుంచి ఒకరు కావాలని అధికారిణి నన్నే పిలిచింది. నాలుగు పేజీల కాగితం. మేనేజరు ఎండలో నిలబడి చెమట తుడుచుకుంటూ, "కింద గీత మీద పెట్టేయండమ్మా, మామూలు కాగితమే" అన్నాడు.

"కాస్త ఆగండి బాబూ," అన్నాను, "ఇంకా రెండో పేజీలోనే ఉన్నాను."

నాలుగు పేజీలూ అయ్యేదాకా అందరూ నిలబడ్డారు.

ఇట్లు,
నిన్ను అడగకుండా ఇక దేనిమీదా సంతకం పెట్టని
నీ అక్క