మూడు లేన్ల దారి

ప్రియమైన కోడలికి,

ఫోన్ చేస్తే ఇద్దరం ఏడవడానికే సరిపోతోంది, అసలు విషయం ఒక్కటీ మాట్లాడుకోవట్లేదు. అందుకే రాస్తున్నాను. చేతి కట్టు విప్పారా? ఆ ఊళ్లో గది తీసుకుని ఒక్కదానివే ఉంటున్నావు, కళ్లద్దాల షాపులో పొద్దస్తమానం నిలబడే పని. కాళ్లు పీకుతుంటే ఓనరుని స్టూలు అడుగు, మొహమాటపడకు.

నేను కుట్టుమిషను మళ్లీ తీశాను. స్కూలు యూనిఫాంలు పీకలమీదికొచ్చాయి. కుట్టినంతసేపూ బాగానే ఉంటుంది. మిషను ఆగితేనే ఇల్లు మీద పడుతుంది. వాడి బూట్లు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాయి. తీద్దామని వంగుతాను, ఊరికే లేస్తాను.

లాయరుగారు వచ్చి వెళ్లారు. లారీ డ్రైవరు చూసుకోకుండా లేన్ మారి నా కొడుకుని పొట్టన పెట్టుకున్నాడని కేసు. కార్లో వాడి పక్కన ఉన్నది నువ్వే కాబట్టి నీ సాక్ష్యమే ముఖ్యమట. వాడెంత నిదానస్తుడో నీకు నేను చెప్పాలా? వేళకి తిను.

నీ అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకు,

కట్టు విప్పారు. వేళ్లు ఇంకా పూర్తిగా ముడుచుకోవట్లేదు. కళ్లజోళ్ల స్క్రూలు బిగించలేకపోతున్నానని ఓనరు నన్ను గోడమీది అక్షరాలు చదివించే పనిలో పెట్టారు. స్టూలు కూడా ఇచ్చారు. "ఇది కనిపిస్తోందా, ఇది కనిపిస్తోందా" అని రోజంతా అందరినీ అడుగుతున్నాను.

షాపుకి బస్సులో వెళ్తున్నాను. హైవే ఎక్కగానే కళ్లు మూసేసుకుంటాను. మా స్టాపొస్తే పక్కావిడ లేపుతుంది, నిద్రపోతున్నాననుకుంటుంది పాపం.

లాయరుగారికి ఇంకా ఏమీ చెప్పలేదు. కొంచెం టైమివ్వండి అత్తయ్యా. ఆయన బూట్లు అక్కడే ఉండనివ్వండి.

మీ కోడలు

ప్రియమైన కోడలికి,

టైమెందుకమ్మా? జరిగింది జరిగినట్టు చెప్పడానికి ముహూర్తం కావాలా? ఆ డ్రైవరు బెయిలు తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నాడట. వాడి పెళ్లాంపిల్లలకి వాడున్నాడు. మనకెవరున్నారు? వాడు లోపలికి వెళ్లేదాకా నా కడుపుమంట ఆరదు. నీకు భయమైతే నేనొచ్చి పక్కన నిలబడతాను. నువ్వు నోరు విప్పు, చాలు.

నీ అత్తయ్య

ప్రియమైన అత్తయ్యకు,

ఇది రాయడానికి ఎన్ని కాగితాలు చింపానో. కూర్చుని చదవండి.

ఆ రోజు ఆయన డివైడరు పక్క లేన్‌లో వెళ్తున్నారు, ఓవర్‌టేక్ చేసేవాళ్ల లేన్‌లో. మా ముందొక తెల్ల కారు. తీరిగ్గా పోతోంది, పక్కకి జరగదు. ఈయన లైట్లు కొట్టారు, హారన్ మోగించారు. "చూడు, వాళ్ల పెరట్లో షికారు చేస్తున్నట్టు పోతున్నాడు!" అన్నారు. "పోనివ్వండి, మనకేం కొంపలు మునిగాయి?" అన్నాను. "నువ్వు కళ్లు మూసుకో, రెండు నిమిషాల్లో దాటేస్తా" అని నవ్వారు. మీటరు ముల్లు నేనెప్పుడూ చూడనంత పైకి వెళ్లింది. తెల్లకారుని తప్పువైపు నుంచి, ఎడమ పక్కగా దాటాలని ఒక్క ఊపులో మధ్య లేన్‌లోకి తిప్పారు.

అప్పటికే ఆ లారీ, నెమ్మదిగా వెళ్లే లేన్ నుంచి మధ్యలోకి వస్తోంది. దాని ముందొక వ్యాను చెడిపోయి ఆగి ఉంది మరి. ఇండికేటర్ వేసే వస్తోంది అత్తయ్యా. వెలుగుతూ ఆరుతూ ఉండటం నా కళ్లతో చూశాను. అతను అద్దంలో చూసినప్పుడు ఆ లేన్ ఖాళీగానే ఉండుంటుంది. అంత వేగంతో వచ్చి పడింది మేమే.

ఆయనంటే నాకు ప్రాణం. కానీ అతని తప్పు లేదు.

మీ కోడలు

కోడలికి,

పోయినవాడు లేచొచ్చి కాదనలేడనేగా ఈ ధైర్యం? కన్నతల్లికి రాయాల్సిన మాటలా ఇవి? వాడు బతికుండగా ఒక్కనాడూ నిన్ను ఏమే అని అనలేదు. ఆ రుణం ఇలా తీర్చుకున్నావు.

ఇంక నాకు రాయకు.

ప్రియమైన అత్తయ్యకు,

రాయొద్దన్నారు. అయినా ఆగలేక రాస్తున్నాను. కోర్టు వాయిదా వచ్చే వారమే. ఉన్నదే చెబుతాను. ఆ తర్వాత మీరు నా మొహం చూడకపోయినా తప్పుపట్టను. ఆయన పోయాక నన్ను అమ్మలా కడుపులో పెట్టుకున్నది మీరే. మీరూ లేకపోతే నాకెవరూ లేరని తెలిసే ఈ పని చేస్తున్నాను.

మిషను ముందు రాత్రిదాకా కూర్చోకండి. నడుము పట్టేస్తుంది.

మీ కోడలు

ప్రియమైన అమ్మలూ,

నిన్న ఆ డ్రైవరు ఇంటికి వెళ్లాను. లాయరుగారి దగ్గర ఇల్లెక్కడో కనుక్కుని, నాలుగు తిట్టి, శాపనార్థాలు పెట్టి రావాలనే వెళ్లాను. నీ మీది కోపం కూడా వాడిమీదే తీర్చుకుందామనుకున్నాను.

ఒకటే గది. మంచం అంచున కూర్చుని ఉన్నాడు. నేనెవరో చెప్పగానే మంచం దిగొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నాదే తప్పమ్మా. అద్దంలో ఇంకొక్కసారి చూసుంటే మీ అబ్బాయి బతికేవాడు" అన్నాడు. లారీ ఎక్కితే చేతులు వణుకుతున్నాయట, పని పోయింది. తప్పు ఒప్పేసుకుంటానని వాడే తన లాయరుకి చెప్పాడట. భార్య గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

నాకు కావలసింది అదే కదా. చేతికొచ్చింది. తీసుకోలేకపోయాను తల్లీ.

నా కొడుకు స్పీడు నాకు తెలియక కాదు. వాడి పక్కన కూర్చుంటే నా కాలు దానంతటదే లేని బ్రేకుని తొక్కేది. "అమ్మా, కారుకి చిల్లు పెడతావు" అని వెక్కిరించేవాడు. అది తెలిసే, నువ్వు రాసిన ప్రతి అక్షరం నిజమని తెలిసే, నిన్ను అన్ని మాటలన్నాను. "నీ తప్పు కాదు నాయనా, మావాడే తొందరపడ్డాడు" అని ఆ డ్రైవరుకి నా నోటితో నేనే చెప్పాను. వాడి భార్య నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

ఇన్నాళ్లూ ఆ లారీవాడి మీద పగతో ఎలాగో లేచి తిరిగాను. ఇప్పుడు అదీ పోయింది. వాడి మీదే కోపమొస్తోంది, పోయిన నా బిడ్డ మీద. ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టి, ఆ చెంపనే నిమిరేదాన్ని.

వాయిదాకి ముందురోజే బయల్దేరి వస్తాను. కోర్టులో నీ పక్కనే కూర్చుంటాను. నీ గదిలో ఒక్కటే మంచమని హైరానా పడకు, కింద పరుచుకుని ఇద్దరం పడుకుందాం. బస్సు ఆ హైవే మీదుగానే రావాలట. నాకు భయంగా ఉందమ్మా. దిగేసరికి బస్టాండులో నువ్వు కనబడాలి.

నీ అత్తయ్య