నీలి చేప ఒంటి మీద చుక్కలు

అజీజ్‌నగర్

బిడ్డా నవతా,

నీ అత్త అంతమ్మ రాస్తున్నది. ఫోన్‌లో నీ గొంతు వింటే నాకు మాట రాదు. అందుకే రాసి, మీ అమ్మగారి ఊరు శంకర్‌పల్లికి కూరగాయల కోసం వచ్చే ఎల్లేశ్ చేతికి ఇస్తున్నాను.

మహేశ్ పోకముందు మొయినాబాద్ దుకాణంలో చెప్పిపెట్టిన నీలి చేప, వాడి పెద్దకర్మ అయ్యాక వచ్చింది. తెచ్చినాయన సంగతి తెలిసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. వాపసు తీసుకుపొమ్మనడానికి నాకు నోరు రాలేదు. నా కొడుకు చివరిసారి ఆశపడ్డది అదే కదా. వాడి ఉప్పునీళ్ల తొట్టెలోనే వదిలించాను.

వారం తిరగకముందే దాని ఒంటి నిండా తెల్ల చుక్కలు లేచాయి. పక్కింటి మారెమ్మ అద్దానికి ముక్కు ఆనించి చూసి, "అమ్మవారు పోసిందే అంతమ్మా. మందు గిందు ఎయ్యకు. ఏపాకు కట్టు" అన్నది. కట్టాను. మీ మామ చూసి, "చేపకు అమ్మవారేందే? బోనం గూడ ఎత్తుతవా?" అని నవ్వాడు. వాడు పోయాక ఆయన నవ్వడం అదే మొదలు.

కొన్నాళ్లకు చుక్కలు రాలిపోయాయి. "తల్లి దిగింది" అన్నది మారెమ్మ. అమ్మవారికి బెల్లం నీళ్లు సాక పోశాను. మళ్లీ లేచాయి, ముందటికన్నా ఎక్కువ. ఇప్పుడు రాళ్లకు ఒళ్లు రుద్దుకుంటున్నది. తిండి ముట్టదు. ఒకటే ఆయాసం. మీ ఆలుమగలిద్దరూ ఫాంహౌసుల్లో చేపల తొట్టెల పని చేసినవాళ్లు, నీకు తెలుస్తుంది. ఒక్కసారి వచ్చి చూడు. ఇది కూడా పోతే నేను ఓర్చుకోలేను.

నీ అత్త
అంతమ్మ

అజీజ్‌నగర్

నవతమ్మా,

ఎల్లేశ్ నీ చీటీ ఇచ్చాడు. నేనూ మీ మామా టార్చి పట్టి చూశాం. చుక్కలు పిండి చల్లినట్టు లేవు, నువ్వన్నట్టు ఉప్పురవ్వల లెక్కనే ఉన్నాయి. "రాలుడంటే తగ్గుడు కాదత్తమ్మా, ఆ చుక్కల పురుగు ఇసుకల పిల్లలు చేసి మల్ల ఎక్కుతది" అని రాశావు కదా, మారెమ్మకు చదివి వినిపించాను. "ఎంత మాయదారి రోగమే" అని పోయింది. చేపను వేరే టబ్బులోకి మార్చి, దుకాణమాయనతో రాగి మందు కొలిచి వేయించాం. పురుగు చచ్చేదాకా పెద్ద తొట్టెలో చేప లేకుండా ఉంచాం. నిన్న కొంచెం తిన్నది.

ఎల్లేశ్ ఇంకో మాట కూడా చెప్పాడు. నీకు చేవెళ్ల దిక్కు నుంచి సంబంధం వచ్చిందట. "అత్తమ్మను చూసొచ్చి చెప్త" అని మీ అమ్మను ఆపావట. చేపను చూడమంటే దుకాణమాయన రాడా, బిడ్డా? నువ్వు వస్తే ఉండిపోతావని ఆశపడి రాశాను. మీ మామతో అంటే, "పిల్లను గూడ తొట్లె పెట్టుకుంటవా?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

ఇప్పుడు రాకు. ఆ పిల్లవాడు మంచివాడైతే, నీకు నచ్చితే, సరే అని చెప్పు. నా ఫికర్ చెయ్యకు. పెళ్లికి నన్ను పిలవాలా వద్దా అని మొహమాటపడతావేమో. పిలువు. వచ్చి, వెనక వరుసలో కూర్చొని, అన్నం తిని వస్తాను.

అంతమ్మ