బతికున్న గంగుబాయి రాయించిన కాగితం

బోధన్ బీడీ కార్మికుల కాలనీలో ఉంటున్న, కీర్తిశేషులు భూమన్న భార్య గంగుబాయి అనే నేను, వయసు డెబ్బై ఒకటి, చదువు రాదు; ఒంట్లో బలం లేకున్నా మతి చెదరలేదు. ఎవరి ఒత్తిడీ లేకుండా దస్తావేజులు రాసే బాపురావు చేత ఈ వీలునామా రాయిస్తున్నాను. మొదట రాయాల్సింది నేను బతికే ఉన్నానని. "అవ్వా, వీలునామాల గట్ల రాయరే" అన్నాడు బాపురావు. రాయమన్నాను. పోయిన మాఘమాసంలో నేను చనిపోయినట్టు సర్టిఫికెట్ ఉంది.

1. ఇది ఎట్లా జరిగిందో నా తర్వాతివాళ్లకు తెలియాలి. నా తోటికోడలు రేణుకమ్మ కాపురానికి వచ్చేనాటికి కార్ఖానాలో కొత్త బీడీ కార్డులు ఇవ్వడం ఆపేశారు. "అక్కా, జెర నీ కార్డు మీద సుట్టుకుంటనే" అంది. కార్డు లేనివాళ్లు ఉన్నవాళ్ల పేరు మీద చుట్టడం మాకు కొత్త కాదు. ఇరవై రెండేళ్లు ఇద్దరం ఒక్క పేరు మీదే బీడీలు అప్పజెప్పాం. పేరు అరిగిపోయే వస్తువు కాదనుకున్నాను.

తర్వాత ఆధార్ కార్డుకు, పింఛనుకు వేలిముద్రల మిషన్ వచ్చింది. ఆకు చుట్టీ చుట్టీ నా వేళ్ల గీతలు పోయాయి, మిషన్ నన్ను పట్టలేదు. రేణుకమ్మ నాకన్నా చాలా చిన్నది, దాని గీతలు ఇంకా ఉన్నాయి. "పెద్దమ్మా, ఫికర్ చెయ్యకు, అమ్మ వేలు పెడదాం" అన్నాడు దాని కొడుకు మహేష్. తలూపింది నేనే, దాచను. వేలితో పాటు ఆ కార్డులో ఫొటో మారింది, ఫోన్ నంబరు మారింది, పింఛను వాళ్లింటికి పోయింది. పోయిన చలికాలం రేణుకమ్మకు ఊపిరాడని దమ్ము రోగం ముదిరితే ఆ కార్డు మీదే నిజామాబాద్ దవాఖానలో చేర్పించారు. గంగుబాయిగా చేరింది, గంగుబాయిగానే పోయింది.

ఆ సర్టిఫికెట్ చూపించి, గంగుబాయి కొడుకునని చెప్పి మహేష్ నా ఇంటిని తన పేరు మీద చేయించుకుంటున్నాడు. మున్సిపాలిటీ కచేరీకి పోతే కంప్యూటర్ చూసే పిల్ల "ఈమె లేదు" అంది. నేను ఎదురుగానే కూర్చున్నాను. మహేష్‌ను వాకిట్లో నిలబెట్టి అడిగాను: "అరే, నన్ను సంపి నీ తల్లిని చేస్తివా?" "కాగితంల గట్లనే ఉంది పెద్దమ్మా, నేనేం జెయ్యాలె" అన్నాడు.

2. నా రెండు గదుల రేకుల ఇల్లు నా బిడ్డ కూతురు సంజనకు చెందాలి. చెల్లుతుందన్న ఆశ లేదు. అయినా రాయి బాపురావు, దిద్దకు.

3. బీడీ ఆకు కోసే నా కత్తెర సంజనకు. సాన పట్టించుకుని జాకెట్లు కుట్టుకోవాలి. ఆకు ముట్టొద్దు. ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టిన చాట పొయ్యిలో పెట్టాలి.

4. మహేష్‌కు ఏమీ లేదు. నా పాడె ముట్టొద్దు. ఒకసారి చంపినవాడు మళ్లీ ఏడవొద్దు.

5. సంజన కడుపులో ఉన్నది ఆడపిల్లయితే నా పేరు పెట్టొద్దు. ఆ పేరు మీద ఇంకా ఏమేం ఉన్నాయో నాకే తెలియదు.

6. రేణుకమ్మ సంగతి. ఆఖరి రోజు దవాఖానకు పోయాను. నర్సు "గంగుబాయీ, గంగుబాయీ" అని పిలుస్తుంటే అది కళ్లు తెరిచి నా దిక్కు చూసింది. కార్డు సంగతి బయటపడుతుందని నేనూ "రేణుకా" అనలేదు. తన పేరుతో పిలిచేవాళ్లు లేకుండానే పోయింది. అది చనిపోయినట్టు ఎక్కడా కాగితం లేదు. పెత్రమాసకు, పోయిన పెద్దల పేరన బియ్యం ఇచ్చే అమావాస్య నాడు, సంజన రేణుకమ్మ పేరు చెప్పి బియ్యం ఇవ్వాలి, గట్టిగా చెప్పాలి. నా పేరు మీద ఇచ్చినా ఇవ్వకున్నా సరే.

తేదీ: 2 సెప్టెంబర్ 2025, బోధన్.

గంగుబాయి బొటనవేలి ముద్ర:
(మూడుసార్లు సిరా అద్ది వేయించాను. నల్లమరక తప్ప గీతలు పడలేదు. — లేఖరి బాపురావు)

ముద్ర వేసింది గంగుబాయేనని, మా కళ్ల ముందే బతికి ఉండి వేసిందని ఎరిగిన సాక్షులు:
1. రామస్వామి
2. బాలనర్సయ్య