రొయ్యలకు టీకా అట!

శుక్రవారం, రాత్రి

సబ్బు సగం అరిగింది కానీ చేతుల నుంచి చచ్చిన రొయ్యల కంపు పోలేదు. కోపమూ పోలేదు.

భీమిలి చెరువు పోయింది. తెల్లమచ్చ వైరస్. పొద్దున వెళ్లేసరికి రొయ్యలన్నీ గట్టువారకు వచ్చి చచ్చి ఉన్నాయి, డొప్పల మీద సుద్దచుక్కల్లా మచ్చలు. చుట్టూ పీతలు రాకుండా కట్టిన వల లేదు.

"వల ఏటైంది బావా?"

"ఇప్పీసి పెరట్లో కోళ్లకి కట్టాను. రొయ్యలకి టీకా ఏసీసాం కదేటే, ఇంకా వలెందుకు?"

టీకా! ఎవడో మేతలో కలపమని అంటగట్టిన పొడి. కొన్న రోజే మొత్తుకున్నాను. ఒకసారి చూసిన వైరస్‌ను గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారుచేసుకునే ఏర్పాటు మనకుంది, రొయ్యకు లేదు. ఏది ఒంట్లోకి దూరినా రొయ్య రక్తకణాలు అప్పటికప్పుడు చుట్టుముట్టి పోరాడాల్సిందే. ఈ వైరస్ ఆ కణాల్లోకే దూరుతుంది. అందుకే దాన్ని మోసుకొచ్చే పీతల్ని బయటే ఆపాలి అన్నాను. "నీ సదువు నీకాడే ఉంచు" అన్నాడు. అక్క మొగుడైపోయాడు, లేకపోతే...

రెండో చెరువు ఇంకా బాగానే ఉంది. రేపటికి ఉంటుందో లేదో.

"ఆ వల తెచ్చి దీనికైనా కట్టు బావా."

"మరి కోళ్లో?"

పోయినేడాది కూడా పీతల వల్లే భీమిలి చెరువు పోయింది. ఆ వల కట్టిందే అందుకు. రొయ్యకైతే గుర్తుండదు సరే, ఈయనకేం రోగం?