సత్రం బావికి గిలక

నంద్యాల, 3 ఏప్రిల్ 1944

నువ్వు వినలేదు. ఎప్పుడో ఈ డైరీ తెరిచి చదువుతున్న నువ్వే. ఎవరివైతే నాకేం, నువ్వూ వాళ్లలో ఒకడివే. ఎవరైనా అరిస్తే ఏం జరిగిందని అడగవు. అంత గట్టిగా అరవాల్నా అంటావు.

నిన్న ఆళ్లగడ్డలో అదే జరిగింది. మా చెల్లెలు కమలమ్మ మొగుడు పోయినాక అక్కడే, సత్రం ఎదురుగా బొరుగుల అంగడి పెట్టుకుని బతుకుతోంది. మోకాలి కింద నారి కురుపు లేచింది. అందులోంచి తెల్లటి పురుగు దారంపోగు మాదిరి తల బయటపెట్టింది. ఆ వీధిలో ఇంటికొకరికి ఇదే రోగం. కారణం సత్రం దిగుడుబావి. అందరూ మెట్లు దిగి, కాళ్లు నీళ్లలో పెట్టి, బిందె ముంచుతారు. కురుపున్న కాలు తడిస్తే పురుగు పిల్లలు నీళ్లలో పడతాయి. ఆ నీళ్లు తాగినవాడికి మళ్లీ ఎండాకాలానికి కురుపు. హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఎప్పుడో చెప్పిపోయినాడు. మెట్లు మూసి, గిలక పెట్టి, చేంతాడుతో తోడుకుంటే చాలు.

కమలమ్మ కుంటుకుంటూ సత్రం కమిటీ మీటింగ్‌కు పోయి అదే అడిగింది. వాళ్లు వక్కాకు నములుతూ కూర్చున్నారంట. ప్రెసిడెంటు మహానందయ్య శెట్టిని నిలదీసింది.

"ఏం శెట్టీ, నీ కాల్లో పురుగు పుట్టిందాకా ఆగుతాండావా? నీ ఇంట్లో వేరే బావి ఉందని మా కాళ్లు కుళ్లిపోవాల్నా?"

అంతే. ఆడమనిషి అట్లా మాట్లాడొచ్చా అనేదాని మీద మీటింగ్ అంతా నడిచింది. గిలక మాట ఎవడూ ఎత్తలేదు.

8 ఏప్రిల్

కాగితం దొరకని ఈ యుద్ధకాలంలో ఎట్లనో కరపత్రం అచ్చేయించి పంచినాను. మహానందయ్య పనిగట్టుకుని మా ఇంటికొచ్చి, కాఫీ తాగి, విషయం సరిగానే ఉంది మాధవయ్యా, టోనే బాగలేదు అన్నాడు. మళ్లీ అచ్చేసేటప్పుడు 'రాతిగుండె పెద్దలు' అనే మాట తీసేయమన్నాడు. తీసేసినాను. 'సిగ్గుండాలి' కూడా తీసేయమన్నాడు. అదీ తీసేసినాను. మిగిలింది చదివి, చప్పగా ఉందప్పా అన్నాడు.

ఇరవై ఏళ్లుగా ఇట్లాంటి కాఫీలు ఎన్ని పోసినానో.

11 ఏప్రిల్, ఆళ్లగడ్డ

పెట్రోలు లేక బొగ్గుతో నడిపే బస్సు, దారిలో రెండుసార్లు ఆగింది. కమలమ్మ పురుగును వేపపుల్లకు చుట్టి రోజూ కొంచెం కొంచెం లాగుతోంది. తొందరపడితే తెగుతుందంట, లోపల చీము పడుతుందంట. నిదానం నేర్చుకో అన్నా అని నన్నే ఎగతాళి చేసింది.

పురుగు దగ్గర నిదానం ఒప్పుకుంటాను. కమిటీ దగ్గర ఒప్పుకోను.

23 ఏప్రిల్

తీపిగా చెప్పేవాడే కావాలంటే సరే. అహోబిలం నుంచి చక్రపాణి ఆచార్లను పిలిపించినాను. మంచి పండితుడు, గొంతు తేనె. సత్రంలో కమిటీ ముందు, నేను రాసిచ్చిన పాయింట్లు ఒక్కటీ వదల్లేదు. మెట్లు, పురుగు, గిలక, చేంతాడు, అన్నీ చెప్పినాడు. శెట్లు తలలూపినారు. ఒక వాక్యం మళ్లీ చెప్పమని అడిగి చెప్పించుకున్నారు. మహానందయ్య కళ్లు తుడుచుకుని శాలువా కప్పినాడు. చెబితే ఇట్లా చెప్పాల అని నాకేసి చూసినాడు.

రిజల్యూషన్ లేదు.

అంతసేపు మాట్లాడి ఆచార్లకు గొంతు ఆరిపోయింది. ఆయన ఎవరి చేతి నీళ్లూ తాగడు. తన వెండి చెంబు తీసుకుని, తనే ఆ బావి మెట్లు దిగినాడు.

తాగొద్దు స్వామీ అని అరిచినాను. పెద్దాయన మీద అరుస్తావా అని నలుగురు నా రెక్క పట్టుకున్నారు. ఆయన కాళ్లు కడుక్కుని, చెంబు ముంచి, నిండుగా తాగినాడు.

2 మే

కమలమ్మ బిందెతో మెట్ల మీద జారింది. పురుగు తెగింది.

18 జూన్

నంద్యాల డాక్టరు రెండుసార్లు కోసి చీము తీసినాడు. ప్రాణానికి భయం లేదు. మోకాలు మాత్రం ఇక వంగదు. మెట్లు దిగలేదు కాబట్టి పక్కింటివాళ్లు నీళ్లు తెచ్చి పోస్తారు. ఆ బావి నీళ్లే. గుడ్డలో వడగట్టుకుని తాగుతోంది.

ఇంకో కరపత్రం డ్రాఫ్ట్ చేస్తానన్నాను. వద్దులే అన్నా, బొరుగులు పొట్లం కట్టడానికి పాత కరపత్రాలే శానా ఉన్నాయి అనింది.

అహోబిలం, 29 ఏప్రిల్ 1945

చక్రపాణి ఆచార్లకు నారి కురుపు. రెండు కాళ్లకూ.

చుట్టూ జనం. స్వామి ఎంత ఓర్పుగా పడుకున్నాడో చూడండి, ఒక్క మూలుగైనా లేదు అని మెచ్చుకుంటున్నారు. మహానందయ్య కూడా పండ్ల బుట్టతో వచ్చి అదే అన్నాడు. దీన్ని కూడా కచేరీ చేసినారు.

ఆచార్లు అందర్నీ బయటికి పంపించి నన్ను ఉండమన్నాడు. ఏడాదిగా దాచుకున్న కోపమంతా తీసుకునే పోయినాను. ఆ కాళ్లు చూసినాక పక్కన కూర్చుని ఈగలు తోలినాను. ఆయనే అన్నాడు.

"ఆ రోజు చెప్పింది నేనే గదప్పా. నేనే వినలేదు. చెప్పేది బాగా కుదురుతాండాదని సంతోషంలో ఉన్నా."

కమిటీ మీటింగ్‌లో మీ చెల్లెలు ఏమనింది, అది చెప్పు అన్నాడు. చెప్పినాను. నవ్వలేదు. ఈసారి ఆమె చెప్పినట్టే రాయి, కింద నా పేరు కూడా వెయ్యి అన్నాడు.

ఆళ్లగడ్డ, 1 మే

కమలమ్మ అంగడి ముందు స్టూలు మీద కూర్చుని చెప్పింది. పట్టపగలు, సత్రం గోడ మీద, నేను తారుతో రాసినాను.

మెట్లు మూయాల.
గిలక పెట్టాల.
చేంతాడు కమిటీ ఇయ్యాల.
అంతవరకు కురుపున్నోళ్లను నీళ్లలో దిగనీయొద్దు. వాళ్ల నీళ్లు వాళ్ల ఇంటికి చేర్చాల.
అందరూ గుడ్డలో వడగట్టుకోవాల.
దస్తూరీ బాగలేదని ఎవరూ చెప్పొద్దు. తెలుసు.

ఇట్లు: బొరుగుల కమలమ్మ, చక్రపాణి ఆచార్లు.